పీ-టీతో మొదలయ్యే ఇంగ్లిష్ మాటలు: బట్టీ పట్టాల్సిందేనా?

ప్రశ్న (ఇంటర్ బైపీసీ):
నమస్కారం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. టెరిడోఫైట్, టెరోడాక్టిల్, టోసిస్, టోమేన్, టయలిన్, టార్మిగన్... అన్నింటికీ ముందు పలకని పీ ఒకటి. అర్థాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. గుర్తుపెట్టుకునే దారి ఎవరైనా చెబుతారా?

బోటనీ మాస్టారు:
బట్టీ వద్దమ్మా, మూలం పట్టుకో. నువ్వు రాసిన ఆరింటిలో అయిదు గ్రీకు మూలాలవే. గ్రీకులో మాట మొదట్లోనే 'ప్ట' పలుకుతారు. ఇంగ్లిష్‌వాళ్లకు అది నోరు తిరగక, పీని రాతలో మాత్రం ఉంచారు. మాట మధ్యలో వస్తే వాళ్లూ పలుకుతారు. హెలికాప్టర్‌లో వినిపించేది అదే. ఆ మాటను హెలికో దగ్గర విరవాలి: హెలికో అంటే మెలి తిరిగినది, టెరాన్ అంటే రెక్క లేదా ఈక.

టెరోడాక్టిల్‌లో ఉన్నదీ ఆ రెక్కే. డాక్టిలోస్ అంటే వేలు. ఆ జీవి రెక్క పొరను మోసింది బాగా పొడవు సాగిన నాలుగో వేలు. 1809లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే ఆ పేరు పెట్టాడు. ఇక జువాలజీలో డిప్టెరా అనగానే రెండు రెక్కల ఈగలు, దోమలు గుర్తొస్తాయి కదా. మా బోటనీకి వస్తే, టెరిడోఫైట్‌లో ఉన్న టెరిస్ అంటే ఫెర్న్ మొక్క. ఏ నర్సరీలోనైనా నెఫ్రోలెపిస్ అనే ఫెర్న్ ఆకు ఒకటి చేత్తో పట్టుకుని చూడమ్మా, అచ్చం ఈకలా ఉంటుంది. పేరు ఎందుకొచ్చిందో ఇక మర్చిపోవు.

టోసిస్, టోమేన్ రెండూ 'పడిపోవడం' నుంచి వచ్చాయి. టోసిస్ అంటే పై కనురెప్ప జారడం. టోమా అంటే పడిపోయినది, అంటే శవం. కుళ్లే మాంసంలో పుట్టే పదార్థాలకు 19వ శతాబ్దంలో ఇటలీ రసాయన శాస్త్రవేత్త సెల్మి టోమేన్ అని పేరు పెట్టాడు. ఫుడ్ పాయిజనింగ్‌కు అవే కారణమని అప్పట్లో నమ్మారు. నిజానికి అది సూక్ష్మజీవులు, వాటి విషాల పని. సింప్టమ్ అనే మాట కూడా ఈ 'పడిపోవడం' కోవదే.

టయలిన్ వేరు. టయలాన్ అంటే ఉమ్మి. లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ అది.

కంటి ఆసుపత్రి నర్సు:
టోసిస్ గురించి ఒక మాట. పసిపిల్లల్లో రెప్ప జారి కంటిపాపను కప్పేస్తే ఆ కంటికి చూపు సరిగా పెరగదు, ఆలస్యం చేయకుండా చూపించాలి. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి జారి, ఒకటి రెండుగా కనిపించినా, తలనొప్పి తోడైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వయసు వల్లేలే అనుకోవద్దు.

ఇంటర్ బైపీసీ:
చాలా థాంక్స్ సార్, థాంక్స్ మేడమ్. టార్మిగన్ ఒక్కటి మిగిలింది.

బోటనీ మాస్టారు:
అది స్కాట్లండ్ కొండల్లో ఉండే పక్షి. చలికాలంలో తెల్లబడుతుంది, కాలివేళ్ల మీద కూడా ఈకలుంటాయి. అక్కడి గేలిక్ భాషలో దాని పేరులో అసలు పీ లేదు. 1684లో స్కాట్లండ్ వైద్యుడు రాబర్ట్ సిబ్బాల్డ్ ఆ పేరు రాస్తూ, గ్రీకు రెక్కను తలచుకుని ముందు పీ చేర్చాడు. డిక్షనరీల్లో అదే స్థిరపడింది. దీనికి మాత్రం మూలం వెతక్కమ్మా, పక్షి బొమ్మ చూసి గుర్తుపెట్టుకో.