ప్రతి శనివారం రైలెక్కితే ఉన్న ఊళ్లో స్నేహితులెప్పుడు దొరుకుతారు?

ఆకెన్ కొత్తవాడు

జర్మనీలోని ఆకెన్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మనవాళ్లం ఆరుగురం ఒకేసారి వచ్చి చేరాం. ఆకెన్ ఎక్కడుందో తెలిసినవాళ్లకు మా ఆశ అర్థమవుతుంది. బెల్జియం, నెదర్లాండ్స్ రెండూ ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. మూడు దేశాలు కలిసే చోటికి నడిచి వెళ్లవచ్చు, మాస్ట్రిక్ట్‌కు బస్సుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి పరీక్షల దాకా పదకొండు ఊళ్లు చూశాం. కొలోన్, లియేజ్, బ్రసెల్స్, బ్రూజ్, ఆమ్‌స్టర్‌డామ్, లక్సెంబర్గ్, పారిస్... మిగతావి ఫోటోలు చూస్తే గాని గుర్తురావు.

గత వారం రెండు సంగతులు జరిగాయి. ఒక కోర్సులో ప్రాజెక్టు కోసం నలుగురేసి జట్టు కట్టమన్నారు. రెండు నిమిషాల్లో తరగతంతా జట్లుగా విడిపోయింది. చూసుకుంటే మేం ఆరుగురం మిగిలాం. ఒక జట్టుకు ఇద్దరు ఎక్కువ, రెండు జట్లకు ఇద్దరు తక్కువ. రెండోది, నాతో వంటగది పంచుకునే జర్మన్ కుర్రాడు మెట్ల మీద ఎదురుపడి "నువ్వింకా ఇక్కడే ఉంటున్నావా? గది మారావనుకున్నాను" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ప్రయాణాలు తగ్గించాలా? ఉద్యోగం వచ్చాక ఎవరు తిరుగుతారు, చూడాల్సింది ఇప్పుడే అంటారు మావాళ్లు. అదీ కాదనలేకపోతున్నాను.

రైలుపిచ్చి

తగ్గించవద్దు. నేను జర్మనీలోనే ఎర్ఫుర్ట్‌లో రెండేళ్లు చదివాను. వానా మంచూ చూడకుండా శనివారం వస్తే రైలెక్కాను. ఒక్కదానికీ చింత లేదు. 2023 మే నెలలో నెలకు 49 యూరోలకు దేశమంతా తిరగనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ మొదలైంది. ఇప్పుడు 63 అయింది గాని, చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ టికెట్ రూపంలో అందులో 60 శాతానికే వస్తుంది. వేగంగా పోయే ఐసీఈ రైళ్లకు చెల్లదు, ప్రాంతీయ రైళ్లకే. నన్నడిగితే దాని గొప్ప అదే. ఆగి ఆగి పోయే రైలు, మధ్యలో తప్పిపోయిన కనెక్షన్, పేరు పలకడం రాని స్టేషనులో గంటన్నర నిరీక్షణ. పక్కవాళ్లతో మాట్లాడక ఏం చేస్తాం? నాకున్న ఒకే ఒక్క పోలిష్ స్నేహితుడు అలాంటి ప్లాట్‌ఫారం మీద దొరికినవాడే.

ఇంకో సంగతి. మన నివాస అనుమతి కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసేందుకు ఒప్పందం చేసుకున్న దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు వేరే వీసా లేకుండా తిరగవచ్చు. లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే పల్లె దగ్గర 1985లో ఆ ఒప్పందంపై సంతకాలు చేస్తే, నిజంగా తనిఖీలు ఎత్తేయడానికి 1995 దాకా పట్టింది. పదేళ్లు తంటాలు పడి వాళ్లు తెరిచిన తలుపును మీరు లోపల నుంచి గడియ పెట్టుకుంటారా?

మీ చిక్కు ప్రయాణంతో కాదు, ఆ ఆరుగురితో. ఒక్కరే వెళ్లి చూడండి.

లెక్కల మనిషి

కవిత్వం బాగుంది. ఇప్పుడు కాగితం తీద్దాం.

సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. యూరప్ పద్ధతిలో ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని, అంటే మొత్తం 750 నుంచి 900 గంటలు. సెలవులూ పరీక్షలూ కలిపి ఆరు నెలలకు సమంగా పంచినా వారానికి 29 నుంచి 35 గంటలు. దీని మీద పార్ట్‌టైమ్ పని, వంట, బట్టలు. వారానికి రెండు రోజులు ఊళ్లో లేనివాడు ఈ గంటలను ఎక్కడి నుంచి తెస్తాడు? నిద్ర నుంచి, లేదా ఫిబ్రవరి నుంచి. నేను ఫిబ్రవరి నుంచి తెచ్చాను. రెండు పేపర్లు పోయాయి.

డబ్బు సంగతి. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపిస్తాం, నెలకు 992 చేతికొస్తాయి. అద్దె, బీమా పోగా మిగిలేది మీకందరికీ తెలుసు. చౌక విమానాల మాట ఎత్తవద్దు. ఒకసారి పారిస్‌కు టికెట్ దొరికిందని ఎగిరి గంతేశాను. దిగింది బోవే విమానాశ్రయంలో, అక్కడి నుంచి పారిస్ 80 కిలోమీటర్ల పైచిలుకు. విమానం కంటే బస్సుకే ఎక్కువైంది. తిరుగు ప్రయాణంలో, యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు లేనివాళ్లు ముందే కౌంటర్‌లో పత్రాలు చూపించి ముద్ర వేయించుకోవాలన్న సంగతి మరిచాను. గేటు నుంచి వెనక్కి, మళ్లీ గేటుకు చేసిన పరుగు ఈ జన్మకు చాలు.

రైలుపిచ్చి

రెండు పేపర్లు పోవడానికి శనివారాలే కారణమని మీకెవరు చెప్పారు? గదిలో కూర్చున్నంత మాత్రాన చదివినట్టా? మా అంతస్తులో ఒకాయన రెండేళ్లు గది దాటలేదు. ఆయన చూసినన్ని సినిమాలు నేనెప్పటికీ చూడలేను.

ఆకెన్ మిత్రమా, పారిస్‌లో లూవ్ర్‌కు టికెట్ కొన్నారా? 26 ఏళ్లలోపు ఉండి, ఈయూ దేశంలో నివాసం ఉంటే లోపలికి ఉచితం. పౌరసత్వం అడగరు, కార్డు చూపిస్తే చాలు.

ఆకెన్ కొత్తవాడు

ఆరుగురం కొన్నాం. ఈ విషయం మావాళ్లకు చెప్పదలచుకోలేదు.

లువెన్ సైకిల్

మీరంతా శనివారం కోసం కొట్టుకుంటున్నారు. మా ఊళ్లో శనివారానికి స్నేహాల బజారులో విలువే లేదు.

బెల్జియంలోని లువెన్ నాది. శుక్రవారం మధ్యాహ్నం స్టేషను దారిలో నిలబడితే రాళ్ల మీద పెట్టెల చక్రాల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. ఫ్లెమిష్ విద్యార్థులు, అంటే ఇక్కడి డచ్ మాట్లాడే పిల్లలు, ఉతకాల్సిన బట్టలు పెట్టెలో కుక్కుకొని ఇళ్లకు వెళతారు, ఆదివారం సాయంత్రం ఉతికిన బట్టలతో దిగుతారు. నడుమ ఊళ్లో మిగిలేది మాలాంటి విదేశీయులు. ఇక్కడ అసలు హడావుడి సోమవారం నుంచి గురువారం దాకానే. గురువారం రాత్రి ఔడె మార్క్ట్ చూడాలి. చౌకు చుట్టూ వరుసగా బార్లే. యూరప్‌లో అతి పొడవైన బార్ అని దానికి పేరు.

వచ్చిన కొత్తలో ఇది తెలియక వారమంతా చదివి, శనివారం ముస్తాబై బయటికొచ్చేదాన్ని. వీధిలో నేనూ పావురాలూ. మూడు నెలల తరువాత తిరగేశాను. శనివారం ప్రయాణమో చదువో, గురువారం మాత్రం ఏది ఏమైనా ఊళ్లోనే. అప్పటి నుంచే మా కోట్‌లో, అంటే మేం పది మంది ఉండే విద్యార్థుల ఇంట్లో, నా పేరు అందరికీ నోరు తిరిగింది. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర తరగతి గురించి మాత్రం నన్ను అడగవద్దు.

కాబట్టి కొత్తవాడు గారూ, ముందు తెలుసుకోవాల్సింది మీ ఊరు ఏ రోజు బతుకుతుందో.

నీళ్ల గ్లాసు

ఒక మాట ఎవరూ అనడం లేదు, నేనంటాను. ఇక్కడ "కలుద్దాం" అంటే చాలాసార్లు "తాగుదాం" అనే. నేను తాగను. మొదటి సెమిస్టర్‌లో నాలుగు పార్టీలకు వెళ్లి, నాలుగింటిలోనూ గోడకు ఆనుకొని నిలబడ్డాను. తరువాత ప్రయాణాలు మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే చర్చీల గోపురాల మీద ప్రేమతో కాదు, శనివారం రాత్రి ఏం చేశావని సోమవారం ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక జవాబు కావాలి గనుక. పారిపోవడానికి ప్రయాణం అని పేరు పెట్టుకున్నవాళ్లలో నేనొక్కడినే కానేమో.

నన్ను గట్టెక్కించింది హోఖ్‌షూల్‌స్పోర్ట్. విశ్వవిద్యాలయమే తక్కువ రుసుముకు నడిపే ఆటల తరగతులు. వాలీబాల్‌లో చేరాను, ఆట రాదు. వారం వారం అదే రోజు, అదే గంట, అవే ముఖాలు. ఆరో వారానికి ఆట అయ్యాక అందరితో పాటు నన్నూ కూర్చోబెట్టారు. ఆపిల్ షోర్లే, అంటే సోడా కలిపిన ఆపిల్ రసం, తెప్పించుకున్నాను. గ్లాసులో ఏముందని ఎవరూ అడగలేదు. గోడకు ఆనుకున్న నాలుగు పార్టీల్లోనూ ఎవరూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఒక తల్లి

పిల్లల మధ్యలోకి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. మా అమ్మాయి ఇటలీలో బొలొన్యాలో చదువుతోంది. 1088లో మొదలైన విశ్వవిద్యాలయమని చేరేటప్పుడు ఎంతో గొప్పగా చెప్పింది. ప్రతి సోమవారం ఫోటోలు వస్తాయి. ఫ్లోరెన్స్, వెనిస్, రవెన్నా. చూసి సంతోషిస్తాను. దాని వయసులో నన్ను పక్క ఊరికి ఒంటరిగా పంపలేదు. తిరగనీ అనే అంటాను.

కానీ అన్ని ఫోటోల్లోనూ మనుషులు దానితో కలిసి వెళ్లినవాళ్లే. ఆ దేశపు మనిషి ఒక్కరు కనబడరు. మొన్న మొదటిసారి ఒక కబురు చెప్పింది. గదిలో ఉండే ఇటలీ అమ్మాయి ఆదివారం భోజనానికి తన అమ్మమ్మ గారింటికి తీసుకెళ్లిందట. ఒంటిగంటకు కూర్చుంటే నాలుగింటికి లేచారట. భాష సగం అర్థం కాలేదట, ఆవిడ మాత్రం వడ్డిస్తూనే ఉందట. ఆ రోజు ఒక్క ఫోటో పంపలేదు, అరగంట మాట్లాడింది. వెనిస్ గురించి రెండు నిమిషాలకు మించి చెప్పలేదు మరి.

బాబూ, ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరికి చెప్పి వెళ్లు.

రైలుపిచ్చి

అమ్మా, మీతో వాదించను. మిగతావాళ్లతో వాదిస్తాను.

లుండ్ చలికోటు

స్వీడన్ నుంచి. మాకు ఇక్కడ నేషన్లు అని ఉంటాయి. పేరు చూసి దేశాలనుకోకండి, విద్యార్థులే నడుపుకొనే సంఘాలు. ఒకప్పుడు ఏ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఆ సంఘంలో చేరేవాళ్లు, ఇప్పుడు ఎవరైనా ఎందులోనైనా చేరవచ్చు. లుండ్‌లో 13, ఉప్సలాలో 13. మధ్యాహ్న భోజనం, నాట్యం, ఆదివారం బ్రంచ్, అన్నీ అక్కడే. వంట చేసేదీ వడ్డించేదీ విద్యార్థులే, జీతం ఉండదు. పనిచేసినవాళ్లకు తరువాత ఒక విందు ఇస్తారు.

రైలుపిచ్చి గారూ, నేనూ తిరిగాను. వంతెన దాటితే కోపెన్‌హాగన్. మూడుసార్లు వెళ్లాను. చూడాల్సినవి మొదటిసారే అయిపోయాయి, మిగతా రెండుసార్లు ఏం చేశానో చెప్పలేను. అదే ఆదివారం బ్రంచ్ వంటగదిలో పాన్‌కేకులు తిప్పిన రోజులు ఒక్కోటీ గుర్తున్నాయి, చేయి కాలిన రోజుతో సహా. డిసెంబరులో ఇక్కడ మూడున్నరకే చీకటి పడుతుంది. జ్వరంతో నాలుగు రోజులు గది దాటకపోతే తలుపు తట్టింది ఆ వంటగదిలో పక్కన నిలబడి గుడ్లు పగలగొట్టిన అమ్మాయి. కలిసి ప్రాగ్ వెళ్లొచ్చిన బృందం గ్రూపులో గులాబీ బొమ్మ పంపింది.

రైలుపిచ్చి

ఇది అన్యాయం. ప్రాగ్ బృందం మంచిది కాకపోతే ప్రాగ్ చేసిన పాపమేమిటి? నా పోలిష్ స్నేహితుడు జ్వరం వస్తే మూడు గంటలు ప్రయాణం చేసి సూప్ తెచ్చాడు. ప్రాంతీయ రైల్లోనే.

లెక్కల మనిషి

సూప్ చల్లారిపోయి ఉంటుంది.

పాత కాపు

డోర్ట్‌మండ్‌లో చదివి ఇక్కడే స్థిరపడి తొమ్మిదేళ్లయింది. ఇలాంటి చర్చ ప్రతి ఏటా చూస్తున్నాను. ప్రయాణాలు చేసినవాళ్లూ ఒంటరిగా మిగిలారు, చేయనివాళ్లూ మిగిలారు.

నేను గమనించింది ఒకటి. ఇక్కడివాళ్లు పిలిచేది రెండు మూడు వారాల ముందు, క్యాలెండర్ చూసుకొని. మనం అప్పటికప్పుడు "వస్తున్నావా" అంటే లేచి వెళ్లే రకం. వాళ్లు పిలిచిన శనివారానికి మనం అప్పటికే హాస్టల్ పడకకు డబ్బు కట్టేసి ఉంటాం. ఒకసారి రాలేను అంటే నొచ్చుకోరు, రెండోసారీ నొచ్చుకోరు. మూడోసారి పిలవరు, అంతే. కోపం ఉండదు గనుక మనకు తెలియను కూడా తెలియదు.

ఇంకో చిన్న జాగ్రత్త. సరిహద్దులే లేవని కార్డు గదిలో వదిలి వెళ్లవద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ అన్ని భూసరిహద్దుల్లో తనిఖీలు తిరిగి పెట్టింది. మాస్ట్రిక్ట్ బస్సు కూడా ఆపవచ్చు.

కొత్తవాడు గారిని ఒకటి అడగాలి. మీ వంటగదిలో పుట్స్‌ప్లాన్ ఉంటుంది కదా, ఎవరి వంతు శుభ్రం ఎప్పుడో రాసి ఫ్రిజ్‌కు అంటించే పట్టిక. శుభ్రం చేసేది మామూలుగా శని, ఆదివారాల్లోనే. మీ పేరు ఎదురుగా ఎన్ని వారాలకు టిక్కు ఉంది?

ఆకెన్ కొత్తవాడు

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను.

అక్టోబరు నుంచి నా వంతు అయిదుసార్లు వచ్చింది. ఒక్కదానికీ నా టిక్కు లేదు. అయిదింటికీ మరొకరి పొడి అక్షరాలు ఉన్నాయి. మెట్ల మీద పలకరించిన కుర్రాడివే. ఒక్కసారీ తలుపు కొట్టి అడగలేదు. గది మారాననుకున్నాడంటే, ఖాళీ గది వంతు కూడా తనే చేస్తున్నాననుకున్నాడన్నమాట.

లువెన్ సైకిల్

అయ్యయ్యో.

నీళ్ల గ్లాసు

స్నేహితుల సంగతి తరువాత, ముందు ఓవెన్ తోమండి.

రైలుపిచ్చి

దీనికి నా దగ్గర జవాబు లేదు. కాని శనివారం ఉదయం తోమేస్తే మధ్యాహ్నం లియేజ్ వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రావచ్చు, చెబుతున్నాను అంతే.

ఆకెన్ కొత్తవాడు

ఈ శనివారం మావాళ్లు గెంట్ వెళుతున్నారు. రానని చెప్పాను. ఎందుకని అడిగితే ఓవెన్ అన్నాను, ఎవరూ నమ్మలేదు. వచ్చే అయిదు వారాల పట్టికలో ఆ కుర్రాడి పేరు ఉన్న చోటల్లా నా పేరు రాశాను. ఇందాకే వంటగదిలోకి వచ్చి పట్టిక చూశాడు, నన్ను చూశాడు. "ఓవెన్‌కు ఈ పొడి పనికిరాదు, నాది వాడు" అని పై అర చూపించి వెళ్లిపోయాడు.