పటమటలో 400 గజాల ఇంటి స్థలం: ముందు రిజిస్ట్రేషనా, ముందు కార్పొరేషన్ అనుమతా?

ప్రశ్న: పటమట నివాసి

విజయవాడ పటమటలో మా నాన్నగారి పేరున 400 గజాల స్థలం ఉంది. తూర్పున 30 అడుగుల రోడ్డు మీద 40 అడుగుల ముఖం, పడమరకు 90 అడుగుల లోతు. ముందు వైపు పాత డాబా ఇల్లు, వెనుక ఖాళీ దొడ్డి. నాన్నగారు వీలునామా రాయకుండానే కాలం చేశారు. అమ్మ అంతకు ముందే పోయారు. ఇల్లున్న ముందు సగం అన్నయ్య తీసుకుని, ఉత్తరపు హద్దు వెంట 12 అడుగుల దారి వదిలి, వెనుక సగం నాకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చెల్లెలు తనకేమీ వద్దంటున్నది. ముందు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చాలునని, కార్పొరేషన్ సంగతి ఇల్లు కట్టేటప్పుడు చూసుకోవచ్చునని దస్తావేజు రాసే ఆయన చెబుతున్నారు. ఈ వరుస సరైనదేనా? ఉత్తరం పక్కింటివారు తమ గోడ వెంట దారి వేస్తే అభ్యంతరం పెడతామంటున్నారు. దానికి ఎంత విలువ ఉంటుంది?

జవాబు: టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి విరమించినవాడు

వరుస తిరగబడింది. రిజిస్ట్రేషన్ వల్ల హక్కు విడిపోతుంది గాని, కట్టుకోవడానికి యోగ్యమైన రెండు ప్లాట్లు ఏర్పడవు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజులోని హద్దులను నమోదు చేస్తారే తప్ప, వెనుక ముక్కకు దారి చాలుతుందా, పాత ఇంటికి సెట్‌బ్యాక్ (గోడకూ హద్దుకూ మధ్య వదలవలసిన ఖాళీ) మిగులుతుందా అని చూడరు. ఆ పరిశీలన టౌన్ ప్లానింగ్ విభాగానిది. మీరు ఇప్పుడు గీసుకున్న గీత అక్కడ తిరస్కారానికి గురైతే, సవరణ దస్తావేజుకు అందరూ మళ్లీ సంతకాలు పెట్టాలి. అప్పటికి అందరి మనసులూ ఇలాగే ఉంటాయన్న హామీ లేదు. కాబట్టి లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి చేత కొలతలు తీయించి, విభజన ప్లానును ఆన్‌లైన్‌లో సమర్పించి, ఆమోదం పొందిన ప్లానునే దస్తావేజుకు జతపరచండి.

పరిశీలనలో ముందుగా మూడు విషయాలు తేలాలి. మొదటిది పాత ఇల్లు. ముఖం 40 అడుగులలో 12 అడుగులు దారికి పోతే 28 మిగులుతాయి. డాబా అంతకంటే వెడల్పుగా ఉంటే ఒక గది పడగొట్టక తప్పదు. రెండవది రోడ్డు. కాగితం మీద 30 అడుగులున్నది నేల మీద ఎంతున్నదో కొలిపించండి, ఎందుకంటే వెడల్పు చాలకపోయినా, మాస్టర్ ప్లాన్‌లో విస్తరణ ఉన్నా, ఆ మేరకు స్థలాన్ని ఉచితంగా వదలవలసి వస్తుంది. ఆ నష్టం ముందు భాగం మీదే పడుతుంది గనుక సగం సగం అన్న లెక్క అక్కడే చెడుతుంది. మూడవది స్థలం పుట్టుక. పటమట 1985లో నగరపాలక సంస్థలో కలిసిన పంచాయతీలలో ఒకటి. అనుమతి పొందిన లేఅవుట్‌లోని (రోడ్లు, ఖాళీ జాగా వదిలి ప్లాట్లుగా విభజించిన ప్లానులోని) ప్లాటు కాదని తేలితే స్థలం విలువలో 14 శాతం ఖాళీ స్థలపు రుసుము అడిగే అవకాశం ఉంది. పంచాయతీ కాలపు ఇంటి ప్లాను, పాత పన్ను రసీదులు, లింకు దస్తావేజులు (స్థలం మీ నాన్నగారికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీయండి. ఈ ఒక్క పనిని ఎవరికీ అప్పగించవద్దు.

జవాబు: గుంటూరు న్యాయవాది

చెల్లెలి గారి మాట నోటి మాటగా ఉండిపోకూడదు. తండ్రి వీలునామా లేకుండా మరణించినప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జిత ఆస్తిలోనూ కూతురికి కొడుకులతో సమానమైన వాటా ఉంటుంది. ఆమె నిజంగా వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయాలి, లేదా భాగపంపకాల దస్తావేజులో తానూ పక్షంగా చేరాలి. ఆమె సంతకం లేని విభజనకు బ్యాంకు అప్పు కూడా పుట్టదు.

పక్కింటివారి విషయం వేరు. మీ హద్దు లోపల మీరు వేసుకునే దారి వారికి నచ్చలేదన్నంత మాత్రాన వారి అభ్యంతరం నిలవదు. అయితే ఆ దొడ్డి మీదుగా వారు 20 ఏళ్లు బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, నిరాటంకంగా నడిచి ఉంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (ఇతరుల స్థలం మీదుగా నడిచే హక్కు వంటి వాటికి సంబంధించినది) కింద వారికి వాదన ఉంటుంది. కనుక వారు ఏ కారణంతో వద్దంటున్నారో ముందు మర్యాదగా అడిగి తెలుసుకోండి. చాలాసార్లు అసలు కారణం దారి కాదు, వాన నీరు తమ పునాదిలోకి దిగుతుందన్న భయం.

జవాబు: మొగల్రాజపురం, సివిల్ ఇంజనీరు

45 అడుగుల దగ్గర గీత గీస్తే మీ అన్నయ్యకు 140 గజాలు, మీకు 200, దారికి 60 వస్తాయి. దీన్ని సగమని ఎలా అన్నారో నాకు అర్థం కాలేదు. గీతను ముఖం నుంచి 53 అడుగుల దగ్గరకు జరిపితే ముందు ప్లాటు 165, వెనుకది 164, దారి సుమారు 71 గజాలు అవుతాయి. ఇల్లు రోడ్డు మీద ఉండటానికి ధర ఎక్కువ కాబట్టి మీరు బేరమాడుకోవచ్చు గాని, లెక్క ఇక్కడ నుంచి మొదలుపెట్టండి. దారి లేకుండా 20 అడుగుల ముఖంతో రెండు నిలువు పట్టీలుగా చీల్చమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. రెండు పక్కలా మీటరు చొప్పున వదలవలసి వస్తే గోడల మందంతో కలిపి 13 అడుగులే మిగులుతాయి.

స్థలాన్ని చీల్చకుండా ఉమ్మడిగానే ఉంచి, పాత ఇల్లు తీసేసి, అంతస్తుకొకరు చొప్పున కట్టుకోవడం నా దృష్టిలో మేలు. 71 గజాలు దారికి పోవు. అన్నదమ్ములకు పొసగుతుందా అన్నది మీరే చెప్పాలి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. పొసగడంలో ఇబ్బంది లేదు గాని, వదినగారు పాత ఇల్లు పడగొట్టడానికి ఇష్టపడరు. డాబా వెడల్పు కొలిస్తే 26 అడుగులు వచ్చింది. ఒక సందేహం మిగిలింది: దారిని ఎవరి పేరున రాయాలి?

జవాబు: టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి విరమించినవాడు

28లో 26 ఇల్లే అయితే మిగిలిన 2 అడుగులు దక్షిణం వైపున ఉన్నాయో, దారి వైపున ఉన్నాయో ప్లానులో స్పష్టంగా చూపించండి. అధికారి మొదట అడిగేది అదే. దారి విషయంలో రెండు పద్ధతులున్నాయి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉంచితే అన్నయ్యగారి కిటికీలకు, నీటి పంపుకు అభ్యంతరం ఉండదు గాని మరమ్మతు ఖర్చు ఎవరిదన్నది రాసుకోవాలి. మీ పేరునే రాస్తే పన్నూ మీదే, గేటూ మీదే. ఏ పద్ధతి ఎంచుకున్నా, మంచినీటి పైపు, డ్రైనేజీ పైపు, కరెంటు తీగ ఆ దారి కిందా మీదా వెళ్లే హక్కును దస్తావేజులో విడిగా రాయించండి. నడిచే హక్కు మాత్రమే రాసి ఊరుకున్న చోట తరువాతి తరంలో తగాదా వచ్చేది పైపు దగ్గరే.