అప్‌డేట్: ట్యాంకు సెన్సర్‌కి వైఫై చిక్కు తీరింది

అక్కావాళ్లింటికి, బాబాయి వాళ్లింటికి ఇచ్చే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) వాటర్ ట్యాంకు సెన్సర్లలో వాళ్ల వైఫై పాస్‌వర్డ్ ముందే ఎలా పెట్టాలని అడిగాను కదా. కోడ్‌లో రాయొద్దు, వైఫైమేనేజర్ లైబ్రరీ (వైఫై సెట్ చేసే రెడీమేడ్ కోడ్) వాడమన్న వాళ్లకి చాలా థ్యాంక్స్. తెలిసిన నెట్‌వర్క్ దొరక్కపోతే బోర్డే హాట్‌స్పాట్ అవుతుంది. ఫోన్ దానికి కలిపి, 192.168.4.1 పేజీలో ఇంటి వైఫై ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టడమే. కరెంటు పోయినా చెరగదు. అక్క నన్ను అడక్కుండానే పెట్టేసుకుంది, ఎంత సంతోషమేసిందో!

ఒక్కటి మాత్రం తప్పక చేయండి. కరెంటు రాగానే రౌటర్ కంటే బోర్డే ముందు లేస్తుంది. వైఫై కనబడక సెటప్ పేజీ తెరిచి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆ సెటప్ పేజీకి 180 సెకన్ల టైమౌట్ పెట్టి, ఆ తర్వాత రీస్టార్ట్ అయ్యేలా రాశాను. బాబాయి వాళ్ల రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఆన్‌లో ఉంది; ఈ బోర్డు పట్టేది 2.4 మాత్రమే, అదీ ఆన్ చేయించాను.