పెటూనియాలు వేసవికి నిలవలేదు, ఏ పూలు వేయాలి?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా గేటు పక్కన పదడుగుల మడి ఉంది. నల్లరేగడి. పోయిన డిసెంబరులో నర్సరీ నుంచి విరగబూసిన పెటూనియాలు ఇరవై తెచ్చి నాటాను. సంక్రాంతికి కన్నులపండుగగా ఉన్నాయి. శివరాత్రి దాటాక ఒక్కొక్కటే వడలిపోయాయి. రెండు పూటలా నీళ్లు పోసినా దక్కలేదు. చాలా బాధేసింది. ఏం వేస్తే నిలుస్తాయి?

జవాబు (విజయవాడ నుంచి):
మీ తప్పేం లేదండి. పెటూనియా చలికాలపు మొక్క, మన ఎండలకు ఆగదు. పైగా నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది. రెండు పూటలా పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి.

ముందు ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడిని జానెడు ఎత్తు లేపండి. పచ్చిపేడ మాత్రం వద్దు.

ఎండలకు నాచుపూలు, బిళ్లగన్నేరును మించినవి లేవు. ఫిబ్రవరిలోనే పెట్టేయండి. నాచుపూలకు బెత్తెడు కొమ్మ తుంచి గుచ్చితే చాలు, అదే వేరు పోసుకుంటుంది. ఎండ తగిలితేనే విచ్చుకుంటాయి కాబట్టి నీడన పెట్టకండి. మా మేడ మీద బిళ్లగన్నేరు రోహిణి కార్తెలోనూ పూసింది. వానల్లో నీళ్లు నిలిస్తే మాత్రం అది బతకదు.

జులైలో బంతి నారు పోసి, నెలకు నాటుకోండి. తొలి మొగ్గ కనబడగానే కొస తుంచేయండి. చేతులు రావు, నాకూ రాలేదు. కానీ తుంచితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా పూస్తుంది. దీపావళికి గుమ్మం నిండా దండ కట్టుకోవచ్చు. పెటూనియా మళ్లీ నవంబరులో నాటండి. ఈసారి పూలు చూసి కాకుండా, పొట్టిగా గుబురుగా ఉన్న లేత మొక్కలు ఎంచుకోండి.

ప్రశ్న (గుంటూరు):
చాలా థాంక్సండి. ఇంకొక్కటి. చేమంతి కుండీలు నాలుగున్నాయి. నవంబరు వచ్చినా ఆకులే గానీ మొగ్గ లేదు.

జవాబు (విజయవాడ):
వీధి దీపం వెలుగు పడుతోందా? రాత్రి చీకటి ఎక్కువసేపు ఉంటేనే చేమంతి మొగ్గ తొడుగుతుంది.

గుంటూరు:
ఇప్పుడే వెళ్లి చూశాను. స్తంభం ఎదురుగా ఉన్న మూడింటికీ మొగ్గ లేదు. గోడ చాటున ఉన్న నాలుగో కుండీలో, ఆకుల కింద శనగగింజంత మొగ్గలు ఐదు! మిగతావి ఈ సాయంత్రమే పెరట్లోకి మార్చేస్తాను.