బెన్ ఎల్టన్‌ని ఎక్కడ మొదలెట్టాలి? స్టాండప్, నవలలు, నాటకాలు... ఏంటీ మనిషి?

బీచ్‌రోడ్ బాతాఖానీ:
వైజాగ్‌లో ఉద్యోగం, ఖాళీ దొరికితే ఓపెన్ మైక్‌లలో ఏదో వాగుతుంటాను, ఇప్పుడు ఒక నాటకం రాయాలని దురద పుట్టింది. ఇలా కామెడీ నుంచి రచనకి వెళ్ళినవాళ్ళెవరా అని చూస్తే బెన్ ఎల్టన్ అనే బ్రిటిష్ కమెడియన్ తగిలాడు, బుర్ర తిరిగిపోయింది. మిస్టర్ బీన్ మొదటి ఎపిసోడ్ రాసినవాళ్ళలో ఆయన ఉన్నాడు, 'బ్లాకాడర్' అనే టీవీ కామెడీని రెండో సిరీస్ నుంచి రిచర్డ్ కర్టిస్‌తో కలిసి రాసిందీ ఆయనే, పైగా డజను దాటి నవలలు, క్వీన్ అనే రాక్ బ్యాండ్ పాటలతో మ్యూజికల్ (పాటల నాటకం), షేక్స్‌పియర్ మీద సిట్‌కామ్. సీరియస్‌గా తీసుకోవాల్సిన మనిషేనా, లేక అన్నిట్లో వేలు పెట్టే బాపతా? ముందు ఏది చదవమంటారు?

పాతపుస్తకాల పిచ్చి:
'డెడ్ ఫేమస్' (2001) పట్టుకోండి, బిగ్‌బాస్ చూసే ఊళ్ళో ఉన్నాం కాబట్టి వెంటనే ఎక్కేస్తుంది. అలాంటి షో కోసం కెమెరాలు పెట్టిన ఇంట్లో హత్య జరుగుతుంది, అందరూ చూస్తారు, చంపిందెవరో ఎవరికీ తెలీదు. చచ్చిపోయిందెవరో కూడా సగం పుస్తకం దాకా మనకి చెప్పడు! ఆ షో అంటేనే అసహ్యపడే పోలీసాయన కూర్చుని టేపులన్నీ చూడాల్సి రావడం అసలు తమాషా. మన బిగ్‌బాస్‌కి మూలమైన 'బిగ్ బ్రదర్' బ్రిటన్‌లో మొదలైంది 2000లో, ఏడాది తిరిగేసరికి ఈయన నవల బయటికొచ్చేసింది. ఊరంతా దేని గురించి మాట్లాడుకుంటోందో దాన్ని వేడిగా ఉండగానే పట్టుకోవడం స్టాండప్ వాళ్ళ అలవాటు కదా, అది నవలల్లోకీ వచ్చింది. మొదటి నవల 'స్టార్క్' 1989ది: భూమిని పాడుచేసిన కోటీశ్వరులే దాన్ని వదిలి పారిపోవాలని చూస్తారు. ఇవాళ రాసిందంటే నమ్ముతారు. వాక్యం అందంగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, అక్కడక్కడా మైకు పట్టుకుని లెక్చర్ ఇస్తున్నట్టే ఉంటుంది.

సీతమ్మధార సూర్యం:
నన్నడిగితే 1989 తర్వాత వదిలేయొచ్చు. ఎనభైల్లో మెరిసే కోటు వేసుకుని టీవీలో అప్పటి బ్రిటిష్ ప్రధాని థాచర్‌ని ఊపిరి తీసుకోకుండా ఉతికేసిన మనిషి, చివరికి ఆవిడ పార్టీకి సానుభూతిపరుడని పేరున్న సంగీతకర్త లాయిడ్ వెబర్‌కి మ్యూజికల్ రాసిపెట్టాడు. తర్వాత ఆ క్వీన్ షో, 'వి విల్ రాక్ యూ'. పాటలు బాగుంటాయి, మధ్యలో కథ వచ్చి అడ్డుపడుతుంది. విమర్శకులు చీల్చి చెండాడారు కూడా.

తెర వెనక:
సూర్యం గారూ, చీల్చి చెండాడిన ఆ షో లండన్ డొమినియన్ థియేటర్‌లో 2002 నుంచి 2014 దాకా ఆడింది. నాకూ నచ్చదు, అది వేరే సంగతి. కానీ "అన్నిట్లో వేలు పెట్టాడు, అమ్ముడుపోయాడు" అన్నట్టు మాట్లాడటం దగ్గరే నాకు పేచీ. మన గొల్లపూడి గారు ఏయూలో ఫిజిక్స్ చదివి, పత్రికలో, రేడియోలో పనిచేసి, నాటకాలూ నవలలూ సినిమాలూ రాసి, నలభై దాటాక వేషాలు కట్టారు. ఆయన్ని ఎవరైనా ఇలా నిలదీశామా?

బాతాఖానీ గారూ, మీకు నాటకం కావాలంటే 'పాప్‌కార్న్' చదవండి. 1996లో నవలగా వచ్చి క్రైమ్ రచయితల గోల్డ్ డాగర్ గెల్చుకుంది, ఆయనే దాన్ని నాటకం చేస్తే 1998లో ఉత్తమ కామెడీకి లండన్ నాటకాలకిచ్చే ఒలివియే అవార్డు. హింసాత్మక సినిమాలు తీసే దర్శకుడికి ఆస్కార్ వస్తుంది, ఆ రాత్రే ఇద్దరు హంతకులు ఇంట్లో దూరి, మేం చేసిన హత్యలకి నీ సినిమాలే కారణమని టీవీలో ఒప్పుకోమంటారు. చివర్లో కెమెరా వైపు తిరిగి, చూస్తున్నవాళ్ళందరూ టీవీలు కట్టేస్తే లొంగిపోతాం అంటారు. ఒక్కరూ కట్టరు. ఇదంతా దాదాపు ఒక్క హాల్లో. పరిషత్తులకి నాటికలు రాసేవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు: ఒకే సెట్టు, కొద్దిమంది పాత్రలు, ఎవరూ బయటికి పోలేని పరిస్థితి. 'బ్లాకాడర్' నాలుగో సిరీస్ 'బ్లాకాడర్ గోస్ ఫోర్త్' చూడండి, మొదటి ప్రపంచయుద్ధం మొత్తాన్ని మట్టి కందకంలోని ఒక గదిలో కూర్చోబెట్టాడు. ఆరు ఎపిసోడ్లు నవ్వించి, ఆఖర్న అందరినీ తుపాకుల మీదికి పంపించేస్తాడు. ఆ షాట్ సరిగ్గా రాకపోతే ఎడిటింగ్‌లో స్లో చేసి గసగసాల పూల పొలంలోకి కలిపేశారు.

బీచ్‌రోడ్ బాతాఖానీ:
బాబోయ్, టీవీలు కట్టేయమనే సీను వింటేనే ఒళ్ళు జలదరించింది. నా నాటకం ఆర్కే బీచ్, సింహాచలం, గాజువాక అంటూ తొమ్మిది చోట్ల తిరుగుతోంది. ఇప్పుడేం చేయను?

సీతమ్మధార సూర్యం:
నాటకం కాదది, సిటీ బస్సు.

తెర వెనక:
అయితే బస్సులోనే పెట్టేయండి, మధ్యలో ఆగిపోయిన బస్సు. కళాభారతి ఆడిటోరియంలో ఇరవై కుర్చీలు వేస్తే సెట్టు అయిపోతుంది. కథా సంగ్రహం వద్దు, మొదటి సీను రాసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.