కొండగడ్డి మీద కనిపించే తెల్లని జిగురుముద్దలు: చూసినవారు తమ అనుభవాలు చెప్పగలరు

కొండబాట (ఎడిన్‌బరో):
స్కాట్లాండ్‌లో ఉంటూ కొండల్లో నడిచే అలవాటున్న తెలుగువారు దీన్ని చూసే ఉంటారన్న ఆశతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఎడిన్‌బరోకు దక్షిణాన ఉన్న పెంట్‌లాండ్ కొండల్లో, అక్టోబరు వానల తరువాత, గడ్డి దుబ్బుల మీద అరచేతిలో పట్టేంత ముద్దలుగా, పేరుకున్న గంజిలా తెల్లగా ఉండే ఒక జిగురు పదార్థం కనిపిస్తుంది. దానికి వాసన లేదు. చుట్టుపక్కల కుంట గానీ వాగు గానీ లేదు. ఇక్కడివారు దీన్ని స్టార్ జెల్లీ అంటారు. రాత్రి రాలిన చుక్క తెల్లవారేసరికి ఇలా నేల మీద మిగులుతుందన్నది వందల ఏళ్లుగా ఉన్న నమ్మకం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఆఫ్ గాడెస్‌డెన్ కూడా నేల మీద పడి ఉండే ఇటువంటి జిగురును ప్రస్తావించి, కురుపులకు మందుగా పనికిరావచ్చని రాశాడు. ఇది అసలు ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు మట్టి:
మీరు చెప్పినది చదువుతుంటే మా చెలకల్లో తొలకరి తరువాత కనిపించేది గుర్తుకు వచ్చింది. ఎర్రనేలల్లో, ముఖ్యంగా గులకరాళ్లున్న బాటల వెంట, వాన పడిన కొద్ది గంటలకే నేల మీద ముదురాకుపచ్చని జిగురు పొరలు మడతలు మడతలుగా ఉబ్బుతాయి, కాలు పెడితే జారుతుంది. ఎండ కాసిందంటే అవే నల్లని పెళుసు పెచ్చులై మట్టిలో కలిసిపోయినట్లు కనిపిస్తాయి. నిన్న లేనిది ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక, ఆరుద్ర పురుగులలాగే ఇది కూడా వానతో పాటు పైనుంచి పడుతుందని చిన్నప్పుడు మేము గట్టిగా నమ్మేవాళ్లం. రెండూ ఒకటే కావచ్చా?

సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు (హైదరాబాద్):
కావండీ, అయితే ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ విషయంలో ఇంత గందరగోళం ఏర్పడింది. పాలమూరు మిత్రులు చూసినది నాస్టాక్, అంటే నీలి ఆకుపచ్చ నాచు జాతికి చెందిన సూక్ష్మజీవుల సమూహం. పూసల దండల వంటి దాని తంతువులు తాము స్రవించిన జిగురులోనే ఇమిడి ఉంటాయి. ఎండినప్పుడు ఆ సమూహం చావదు, జీవక్రియలను దాదాపు నిలిపివేసి నీటికోసం ఎదురుచూస్తుంది. వాన తగలగానే జిగురు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, కాబట్టి అది కొత్తగా వచ్చినది కాదు, ఏడాది పొడవునా కాళ్ల కింద ఉన్నదే. పైగా గాలిలోని నత్రజనిని స్థిరీకరించి నేలకు అందిస్తుంది. వరిమడుల్లో ఈ జాతుల పాత్రను శాస్త్రవేత్త పి.కె. దే 1939లోనే వివరించారు. దయచేసి దాన్ని పారతో గీకి పారేయవద్దు.

యూరప్‌లోనూ నాస్టాక్‌ను రాలిన చుక్కగా భావించినవారున్నారు. కానీ అది ఆకుపచ్చగానో గోధుమవన్నెలోనో ఉంటుంది. కొండబాట గారు వర్ణించిన తెల్లని ముద్ద వేరే వస్తువు.

సరస్సుల దారి (కుంబ్రియా):
ఆ తెల్లని ముద్ద పక్కనే ఒకసారి నల్లని చిన్న గుడ్లు, ఒక కప్ప కాలు పడి ఉండగా చూశాను. అది కొంగలు వాలే పచ్చిక. అప్పటి నుంచి నాకు సందేహం లేదు. ఆడకప్ప అండవాహికల్లో, గుడ్ల చుట్టూ పూయడానికి సిద్ధంగా, ఒక జిగురు పదార్థం దాదాపు పొడిగా అణిగి ఉంటుంది. నీరు తగిలితే అది ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కప్పను తిన్న కొంగ, గద్ద, నక్క వంటివి ఆ భాగాన్ని వదిలేస్తాయి, లేదా మింగి కక్కేస్తాయి. వానకు అది ముద్దగా పెరుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలోనే ప్రకృతి పరిశీలకుడు థామస్ పెనంట్ ఇది పక్షులో జంతువులో కక్కినదై ఉంటుందని అభిప్రాయపడ్డాడు.

కొండబాట (ఎడిన్‌బరో):
వివరణ సబబుగానే ఉంది, కానీ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. 2009లో నేషనల్ జియోగ్రాఫిక్ తరఫున ఇటువంటి నమూనాలను పరీక్షించినప్పుడు వాటిలో డీఎన్‌ఏ దొరకలేదని చదివాను. కప్పదే అయితే దొరకాలి కదా? రెండవది, కప్పలు గుడ్లు పెట్టేది వసంతం మొదట్లో, అదీ నీటిలో. నేను చూసినది అక్టోబరులో, నీటికి దూరంగా.

సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు (హైదరాబాద్):
మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఆ జిగురు కణజాలం కాదు, కణాలు స్రవించిన గ్లైకోప్రోటీన్, అంటే చక్కెరలు జతకూడిన ప్రోటీన్. కోడిగుడ్డు తెల్లసొన వలె ఇందులో సొంత కణాలు దాదాపు ఉండవు. దానికి తోడు ఎన్నో రెట్ల నీటితో పలచబడి, రోజుల తరబడి వానలో నానిన ముద్ద నుంచి తీసిన చిన్న నమూనాలో డీఎన్‌ఏ చిక్కకపోవడం వింత కాదు. డీఎన్‌ఏ కనబడలేదంటే అది జీవి నుంచి రాలేదని అర్థం చేసుకోకూడదు. 2015లో బీబీసీ కార్యక్రమం కోసం లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో మరో నమూనాను పరీక్షించినప్పుడు కప్ప డీఎన్‌ఏతో పాటు మాగ్‌పై అనే పక్షి జాడలు కూడా దొరికాయి. ఆహారమైన కప్పా, దాన్ని తిన్న పక్షీ రెండూ ఒకే ముద్దలో పట్టుబడ్డాయన్నమాట.

ఉల్క సంగతి కూడా చెప్పాలి. మనకు రాలుతున్నట్లు కనిపించే చుక్కల్లో చాలావరకు ఇసుకరేణువంత ధూళే. అది భూమికి సుమారు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులోనే కాలిపోతుంది. నీటితో నిండిన మెత్తని ముద్ద ఆ వేడిని తట్టుకుని గడ్డి మీదికి చేరే అవకాశం లేదు.

పాలమూరు మట్టి:
మా నాచును తినవచ్చా అని ఇంట్లో అడుగుతున్నారు.

సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు (హైదరాబాద్):
చైనాలో దీని దగ్గరి జాతిని తింటారు గానీ, ఆ సేకరణ వల్ల గడ్డి భూములు ఎడారిగా మారుతున్నాయని అక్కడి ప్రభుత్వం 2000లో నిషేధించింది. కొన్ని నాస్టాక్‌లు విషపదార్థాలను తయారుచేస్తాయి, చూసి వేరుచేయడం సాధ్యం కాదు. కాబట్టి తినవద్దు.

సరస్సుల దారి (కుంబ్రియా):
కొండబాట గారి రెండవ సందేహానికి నా జవాబు. ఇక్కడి సాధారణ కప్ప సంవత్సరంలో ఎక్కువ కాలం నీటిలో కాక తడిగడ్డిలోనే బతుకుతుంది. వసంతంలో పెట్టబోయే గుడ్లు, వాటికి కావలసిన జిగురు శరత్తు నాటికే ఆడకప్ప ఒంట్లో తయారై ఉంటాయి, వాటితోనే అది చలికాలం గడుపుతుంది. అందుకే ఈ ముద్దలు ఎక్కువగా శరత్తు నుంచి వసంతం వరకు, కుంటలకు దూరంగా కూడా కనిపిస్తాయి, వేసవిలో అరుదు. గుడ్లు పెట్టే కాలంలో నీటి అంచున దొరికితే దాన్ని మామూలు కప్పగుడ్లుగానే భావించి ఎవరూ పట్టించుకోరు. ఈసారి మీకు కనిపించినప్పుడు చుట్టూ ఒక గజం మేర గడ్డిని పాయలు తీసి చూడండి, నల్లని గుడ్లో చర్మం ముక్కలో ఉండవచ్చు. ఉంటే ఫొటో ఇక్కడ పెట్టండి, నెల, ఎత్తు కూడా రాయండి.