సమస్యాపూరణం: ఆషాఢ గోరింటాకు

సమస్య: "కడుగఁ గడుగ రంగు గట్టిపడియె" (ఆటవెలది, నాలుగో పాదం; ముందరి మూడు పాదాలు సభ్యులు పూరించాలి)

నిర్వాహకురాలు: ఆషాఢం వచ్చేసింది. కడిగితే రంగు వెలవాలి, ఇక్కడ గట్టిపడుతోంది. గోరింటాకును వదలకుండా ఈ చిక్కు విప్పండి.

తెనాలి సభ్యురాలు:

నూరి యాకుఁ బెట్టి నూనె రాసిన యమ్మ
గిన్నె నీట ముంచి కేలు కడిగె
తెల్లవారుసరికి దిద్దిన గోళ్ళకుఁ
గడుగఁ గడుగ రంగు గట్టిపడియె

వరంగల్ సభ్యుడు: ధార హాయిగా సాగిందక్కా. గోళ్ళను ఎంచుకోవడం మరీ నచ్చింది. అరచేతి చందమామ రెండు మూడు వారాల్లో వెలిసిపోయినా, గోటి ఎరుపు గోరు పెరిగి కత్తిరించేదాకా నిలుస్తుంది. అయితే రెండో పాదంలో గిన్నెడు నీళ్ళెందుకు? పండించేది నీరు కాదు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మంలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, గాలి తగిలేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే మా ఇంట్లో ఎండిన ముద్దను గీకి, నూనె రాసి, ఆ పూట తడి తగలనిచ్చేవారు కాదు. సమస్యలో కడగడం తప్పదు, నిజమే. కానీ రంగుకు అదే కారణం అనిపించకూడదు.

నెల్లూరు సభ్యురాలు:

గీకి తీయ నిన్న కెంపు లేదే చేత
నారదబ్బ ఛాయ నాకుఁ దోచె
నేటి యంట్లు తోమి నీళ్ళఁ దడియుచున్నఁ
గడుగఁ గడుగ రంగు గట్టిపడియె

నిర్వాహకురాలు: విప్పడమంటే ఇదీ! వక్క, చింతపండు వేసి ఎంత మెత్తగా రుబ్బినా మొదటి ఉదయం ఆ నారదబ్బ ఛాయే. పండలేదని ఏడ్చే పిల్లలకు "రేపు చూడు" అని పెద్దలు చెప్పేది అందుకే. నీరు ఇక్కడ అడ్డంకి, దాన్ని దాటి రంగు ముదిరింది. "నాకుఁ దోచె" మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది. "నఖములందు" అంటే యతీ నిలుస్తుంది, బొమ్మా కడుతుంది.

హైదరాబాద్ సభ్యుడు:

నల్లరంగు కోను నమ్మి రాసిన చేయి
బొబ్బలెక్కి మంట పుట్టెఁ బిదప
ఆకు కాదు మందు, హా! తుడిచిన కొద్దిఁ
గడుగఁ గడుగ రంగు గట్టిపడియె

తెనాలి సభ్యురాలు: తమ్ముడూ, ఈ పూరణ అవసరమైనది. ఉత్త గోరింటాకు నల్లగా పండదు. గంటలో నల్లబడే కోనుల్లో తరచు జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి చర్మం పొక్కి మచ్చలు మిగులుతాయి. పెళ్ళిళ్ళలో చంటిపిల్లల చేతులకూ అవే పెడుతున్నారు, చూస్తే బాధేస్తుంది. ఈ పద్యం మా వీధి ఆడవాళ్ళకు చదివి వినిపిస్తాను. "మందు" బదులు "విషము" అనండి, మూడు లఘువుల నగణమూ ఈ పాదానికి కావలసిన సూర్యగణమే కదా.